మూర్ఛ వ్యాధిలో నిరోధక గ్రాహకాల పాత్ర

మెదడులోని నరకణాల ఉద్రేకాన్ని అదుపులో ఉంచే ప్రోటీన్లను నిరోధక గ్రాహకాలు అంటారు. గామా అమైనో బ్యూటిరిక్ ఆమ్లానికి, అంటే గాబాకు స్పందించే గాబా–ఎ, గాబా–బి గ్రాహకాలు వీటిలో ముఖ్యమైనవి. వెన్నుపాములో, మెదడు కాండంలో గ్లైసీన్ గ్రాహకాలు ఇదే పని చేస్తాయి. నరకణాల గుంపులు ఒక్కసారిగా, ఒకే లయలో, అతిగా ఉద్రేకపడితే మూర్ఛ వస్తుంది. అందుకే ఈ గ్రాహకాల సంఖ్య తగ్గినా, వాటి తీరు మారినా మూర్ఛకు దారి ఏర్పడుతుంది. మూర్ఛకు వాడే మందుల్లో చాలా వాటి గురి కూడా వీటి మీదే.

ఈ గ్రాహకాలు ఒక్కచోట ఒక్కతీరుగా ఉండవు. పుట్టుకకూ పెద్దతనానికీ మధ్య వాటి ప్రభావం తారుమారవుతుంది, వారాల తరబడి మత్తు తీసుకుంటే వాటి స్పందన మొద్దుబారుతుంది, ఆగని మూర్ఛలో కొన్ని నిమిషాల్లోనే అవి కణం పైపొర నుంచి లోపలికి వెళ్లిపోతాయి. ఎన్టీఆర్ జిల్లా మెట్ట ప్రాంతమైన జగ్గయ్యపేట, నందిగామల వంటి చోట్ల చికిత్స ఎంత త్వరగా, ఎక్కడ మొదలవాలన్నది ఈ మార్పుల మీదే ఆధారపడి ఉంటుంది.

నిరోధం జరిగే తీరు

గ్లుటమేట్ అందిన నరకణం ఉద్రేకపడుతుంది, గాబా అందిన కణం నెమ్మదిస్తుంది. అయితే గాబా తయారయ్యేది గ్లుటమేట్ నుంచే. గ్లుటమిక్ ఆమ్ల డీకార్బాక్సిలేజ్ అనే ఎంజైము బి6 విటమిన్ సాయంతో ఈ మార్పు చేస్తుంది. పని ముగిశాక గాబాను జీఏటీ–1 వంటి రవాణా ప్రోటీన్లు తిరిగి కణాల్లోకి చేరుస్తాయి. అక్కడ గాబా ట్రాన్సమినేజ్ అనే మరో ఎంజైము దాన్ని విడగొడుతుంది. తయారీ, విడుదల, గ్రాహకం, తొలగింపు అనే ఈ నాలుగు అంచెల్లో ఎక్కడ తేడా వచ్చినా మెదడు సమతూకం మారుతుంది.

మెదడు పైపొరలోని నరకణాల్లో గాబాను విడుదల చేసేవి సుమారు ఐదో వంతు మాత్రమే. సంఖ్యలో తక్కువైనా ఒక్కొక్కటి చుట్టుపక్కల ఉన్న ఎన్నో కణాలను ఒకేసారి అదుపు చేస్తుంది. ఒకచోట పుట్టిన ఉద్రేకం పక్కకు పాకకుండా చూసేవి ఈ కణాలే.

గాబా–ఎ గ్రాహకం ఐదు ఉపాంశాలు వలయంగా అమరిన ప్రోటీన్. నడుమ క్లోరైడ్ అయాన్లు పోయే సన్నని దారి ఉంటుంది. మనిషిలో ఈ ఉపాంశాలు 19 రకాలు. మెదడులో ఎక్కువగా కనిపించే కూర్పులో రెండు ఆల్ఫా–1, రెండు బీటా–2, ఒక గామా–2 ఉంటాయి. ఆల్ఫా, బీటాల నడుమ గాబా అతుక్కోగానే దారి తెరుచుకుని, రుణావేశం ఉన్న క్లోరైడ్ కణంలోకి వస్తుంది. దాంతో కణం ఉద్రేకపు గడపకు దూరమవుతుంది. ఇదంతా సెకనులో వందో వంతు కాలంలో జరిగే వేగవంతమైన నిరోధం. ఇది కాక, డెల్టా ఉపాంశం ఉన్న గ్రాహకాలు నరకణాల సంధికి ఆవల ఉంటాయి. పరిసర ద్రవంలో ఉండే కొద్దిపాటి గాబాకు కూడా స్పందిస్తూ అవి సన్నని, ఎడతెగని నిరోధాన్ని కలిగిస్తాయి.

గాబా–బి గ్రాహకానికి సొంత అయాన్ దారి లేదు. అది జి–ప్రోటీన్ ద్వారా పొటాషియం దారులను తెరుస్తుంది, కాల్షియం దారులను మూస్తుంది. అందుకే దాని నిరోధం ఆలస్యంగా మొదలై ఎక్కువసేపు ఉంటుంది. గ్లైసీన్ గ్రాహకం నిర్మాణంలో గాబా–ఎకు దగ్గరి బంధువు. అదీ క్లోరైడ్ దారే.

పరిశోధన చరిత్ర

మెదడులో గాబా ఉందని 1950లో అమెరికా శాస్త్రవేత్త యూజీన్ రాబర్ట్స్ బృందం ప్రకటించింది. అదే ఏడాది జార్జ్ అవపారా బృందమూ దాన్ని గుర్తించింది. అప్పటికి దాని పని ఏమిటో ఎవరికీ తెలియదు. నరకణాలను నెమ్మదింపజేసే ఒక పదార్థాన్ని ఎర్నెస్ట్ ఫ్లోరీ పశువుల మెదడు నుంచి వేరుచేశారు. అది గాబాయేనని 1957లో మాంట్రియల్‌లో తేలింది. డయజిపామ్ వంటి మందులు అతుక్కునే చోట్లు మెదడులో ఉన్నాయని 1977లో బయటపడింది. బాక్లోఫెన్ అనే మందుకు స్పందించే మరో రకం గ్రాహకాన్ని నార్మన్ బావరీ 1980 ప్రాంతంలో కనుగొన్నారు. అదే గాబా–బి. గాబా–ఎ జన్యువుల క్లోనింగ్ 1987లో, గాబా–బి జన్యువు క్లోనింగ్ 1997లో జరిగాయి. గాబా–ఎ గ్రాహకపు స్ఫటిక నిర్మాణం 2014లో మొదటిసారి వెలువడింది.

మూర్ఛలో నిరోధం దెబ్బతినే దారులు

కొందరిలో లోపం జన్యువుల్లోనే ఉంటుంది. గామా–2 ఉపాంశపు జన్యువులో మార్పులకూ, జ్వరంతో వచ్చే ఫిట్స్‌కూ, పసితనపు క్షణిక మూర్ఛకూ సంబంధం ఉందని ఫ్రాన్స్, ఆస్ట్రేలియా పరిశోధకులు 2001లో వేర్వేరుగా చూపించారు. మరుసటి ఏడాది ఫ్రెంచి కెనడా కుటుంబం ఒకదానిలో, కౌమారంలో మొదలయ్యే మయోక్లోనిక్ మూర్ఛకు ఆల్ఫా–1 జన్యువులోని మార్పు కారణమని తేలింది. డ్రావెట్ సిండ్రోమ్ అనే మూర్ఛ రకం కథ వేరు. ఇందులో లోపం సోడియం దారికి చెందిన ఎస్‌సీఎన్1ఎ జన్యువులో ఉంటుంది. అయినా ఎక్కువగా నష్టపోయేవి గాబాను విడుదల చేసే కణాలే. గ్రాహకాలు బాగానే ఉన్నా వాటికి గాబా చాలినంత అందదు.

ఎక్కువ మందిలో మూర్ఛ పుట్టుకతో రాదు. ప్రసవంలో ప్రాణవాయువు అందకపోవడం, తలకు దెబ్బ, పక్షవాతం, మెదడువాపు, గడ్డలు దానికి కారణాలు. భారతదేశంలో వీటితో పాటు ప్రముఖంగా చెప్పుకోవలసింది న్యూరోసిస్టిసెర్కోసిస్. పంది బద్దెపురుగు గుడ్లు కలుషితమైన నీరు, కూరగాయలు, చేతుల ద్వారా కడుపులోకి చేరితే, లార్వాలు మెదడులో స్థిరపడతాయి. పంది మాంసం ముట్టని వారికీ ఈ జబ్బు రావడానికి కారణం ఇదే. లార్వా చనిపోయేటప్పుడు చుట్టూ వాపు వస్తుంది, తరవాత మచ్చ మిగులుతుంది. గాయపడిన మెదడు భాగాల్లో గాబా కణాలు తగ్గడం, క్లోరైడ్‌ను బయటికి పంపే కేసీసీ2 అనే పంపు బలహీనపడడం ప్రయోగాల్లో కనిపించాయి. ఆ పంపు తగ్గితే కణంలో క్లోరైడ్ పేరుకుపోతుంది. అప్పుడు గాబా దారి తెరిచినా నిరోధం జరగదు, ఒక్కోసారి ఉద్రేకమే పెరుగుతుంది. కణత భాగపు మూర్ఛ ఉన్నవారికి శస్త్రచికిత్స చేసి తీసిన మెదడు కణజాలంలో ఇలాంటి కణాలు ఉన్నట్టు 2002లో వెల్లడైంది.

నిరోధం తగ్గితే మూర్ఛ వస్తుందన్న సూత్రానికి క్షణిక మూర్ఛ ఎదురు నడుస్తుంది. పాఠం వింటున్న పిల్లవాడు కొన్ని సెకన్లపాటు చూపు నిలిపి, పలకకుండా ఉండిపోయి, మళ్లీ ఏమీ జరగనట్టే మామూలవుతాడు. థలామస్‌కూ మెదడు పైపొరకూ నడుమ సాగే లయలో గాబా–బి నిరోధం, సంధికి ఆవలి గాబా–ఎ నిరోధం మితిమీరడం దీనికి మూలమని జంతు ప్రయోగాలు చెబుతున్నాయి. అందుకే గాబాను పెంచే విగాబట్రిన్, టయాగబిన్ మందులు ఈ రకాన్ని తగ్గించకపోగా పెంచుతాయి. నిరోధం ఎంత ఉందన్నదే కాదు, అది ఎక్కడ, ఏ లయలో ఉందన్నదీ ముఖ్యమే.

కొందరిలో శరీరపు రోగనిరోధక వ్యవస్థే ఈ గ్రాహకాల మీద దాడి చేస్తుంది. గాబా–బి గ్రాహకాలకు వ్యతిరేకంగా ప్రతిదేహాలు ఏర్పడే మెదడువాపును 2010లో వర్ణించారు. ఇలాంటి రోగుల్లో గణనీయమైన భాగానికి ఊపిరితిత్తుల క్యాన్సర్ కూడా బయటపడుతుంది. పెద్ద వయసులో ఉన్నట్టుండి మతిమరుపుతో పాటు ఫిట్స్ మొదలైతే వైద్యులు ఈ ప్రతిదేహాల పరీక్షలు కూడా చేయిస్తారు.

వయసుతో మారే ప్రభావం

నవజాత శిశువు నరకణాల్లో క్లోరైడ్‌ను లోపలికి తెచ్చే ఎన్‌కేసీసీ1 పంపు బలంగా, బయటికి పంపే కేసీసీ2 బలహీనంగా ఉంటాయి. అందువల్ల ఆ దశలో గాబా ఉద్రేకం కలిగించగలదని యెహెజ్కెల్ బెన్–అరి బృందం 1989లో ఎలుక పిల్లల మీద చూపించింది. పసికందుల ఫిట్స్‌కు ఫీనోబార్బిటాల్ అందరిలో ఒకేలా పనిచేయకపోవడానికి ఇది ఒక కారణం కావచ్చు. ఎన్‌కేసీసీ1ను అడ్డుకునే బ్యుమెటనైడ్‌ను ఐరోపాలో నవజాత శిశువులకు ఇచ్చి చూశారు. మేలు కనబడకపోగా వినికిడి దెబ్బతిన్న సందర్భాలు రావడంతో ఆ పరీక్షను అర్ధాంతరంగా ఆపేశారు.

స్త్రీలలో నెలసరి హార్మోన్లకూ ఇందులో పాత్ర ఉంది. ప్రొజెస్టిరోన్ నుంచి ఏర్పడే అల్లోప్రెగ్ననలోన్ గాబా–ఎ గ్రాహకాలకు బలం చేకూరుస్తుంది. నెలసరికి ముందు అది పడిపోవడంతో కొందరికి ఆ రోజుల్లోనే ఫిట్స్ ఎక్కువవుతాయి.

నిరోధాన్ని దెబ్బతీసే విషాలు

గాబా–ఎ గ్రాహకం మీద పరిశోధనకు తొలి పనిముట్లు మొక్కల నుంచి వచ్చిన విషాలే. చేపలను స్పృహ తప్పించడానికి వాడే కాకమారి గింజల్లోని పిక్రోటాక్సిన్ క్లోరైడ్ దారికి అడ్డుపడి మూర్ఛ తెప్పిస్తుంది. ముషిణి గింజల్లోని స్ట్రిక్నిన్ గ్లైసీన్ గ్రాహకాన్ని మూస్తుంది. అప్పుడు ఒళ్లంతా విల్లులా బిగుసుకుంటుంది కానీ స్పృహ ఉంటుంది. ఇది వెన్నుపాములో నిరోధం పోవడం వల్ల వచ్చే బాధ, మూర్ఛ వ్యాధి కాదు.

పత్తి, మిరప పండే నేలకు ఇంకా దగ్గరి ఉదాహరణ ఎండోసల్ఫాన్. ఆర్గానోక్లోరిన్ వర్గానికి చెందిన ఈ పురుగుమందు, పిక్రోటాక్సిన్ అడ్డుపడే చోటే గాబా–ఎ దారిని మూస్తుంది. పురుగు చావడానికీ, పొరపాటున మింగిన లేదా పీల్చిన మనిషికి ఫిట్స్ రావడానికీ కారణం ఒకటే. సుప్రీంకోర్టు 2011 మే 13న దీని తయారీ, అమ్మకం, వాడకాలను దేశమంతటా నిలిపివేసింది. ఇప్పటికీ వాడుకలో ఉన్న ఫిప్రోనిల్ కూడా గాబా గ్రాహకం మీదే పనిచేస్తుంది. కాకపోతే మనిషి గ్రాహకం కంటే పురుగు గ్రాహకం మీద దాని పట్టు చాలా ఎక్కువ. ఎక్కువ మోతాదు ఒంట్లోకి వెళితే మనుషులకూ ఫిట్స్ వస్తాయి. మోనోక్రోటోఫాస్ వంటి ఆర్గానోఫాస్ఫేట్ మందుల దారి వేరు. అవి ఎసిటైల్ కోలిన్‌ను పేరుకునేలా చేసి మూర్ఛ తెప్పిస్తాయి. అయినా ఆ ఫిట్స్ ఆపడానికి వైద్యులు ఇచ్చేది గాబా–ఎ మీద పనిచేసే డయజిపామ్ లేదా మిడజోలమ్‌నే. పురుగుమందు తిన్న మనిషిని ఆసుపత్రికి తీసుకువెళ్లేటప్పుడు డబ్బానూ వెంట తీసుకువెళ్లమనడానికి కారణం ఉంది. ఏ వర్గం మందో తెలిస్తేనే విరుగుడు ఏదో తేలుతుంది.

2020 డిసెంబరు మొదటి వారంలో ఏలూరు పట్టణంలో ఆరు వందలమందికి పైగా ఉన్నట్టుండి ఫిట్స్, స్పృహ తప్పడం, వాంతులు, తలనొప్పితో ఆసుపత్రి పాలయ్యారు. ఎక్కువ మంది త్వరగానే కోలుకున్నారు. ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షల్లో కొందరి రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థతో సహా పలు సంస్థలు నీరు, పాలు, కూరగాయలను పరీక్షించాయి. చివరికి పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణమై ఉండవచ్చని నిపుణులు ప్రభుత్వానికి నివేదించారు. మూర్ఛ వ్యాధి లేని మనిషి మెదడుకూ మూర్ఛ వచ్చే శక్తి ఉంటుందనీ, దాన్ని రోజూ అడ్డుకుంటున్న సమతూకం ఎంత సున్నితమైనదో ఈ ఘటన చూపింది.

గాబా తయారీని దెబ్బతీసే మందుకు ఉదాహరణ క్షయకు వాడే ఐసోనియాజిడ్. మోతాదు మించితే అది బి6 విటమిన్ పనిని అడ్డుకుంటుంది, గాబా తయారీ పడిపోతుంది, మామూలు మందులకు లొంగని ఫిట్స్ వస్తాయి. దానికి విరుగుడు బి6 విటమినే.

గాబాను బలపరిచే మందులు

ఈ వరసలో మొదటిది బ్రోమైడ్. లండన్ వైద్యుడు చార్లెస్ లోకాక్ 1857లో దాని ఉపయోగాన్ని ప్రకటించారు. క్లోరైడ్ దారి గుండా బ్రోమైడ్ అయాన్ ఇంకా సులువుగా వెళ్లి నిరోధాన్ని పెంచుతుందని తరవాతి కాలంలో అర్థమైంది. జర్మనీ వైద్యుడు ఆల్ఫ్రెడ్ హాప్ట్‌మన్ 1912లో ఫీనోబార్బిటాల్‌ను పరిచయం చేశారు. మన ప్రాంతంలో చాలామంది దీన్ని గార్డినాల్ అనే పేరుతో ఎరుగుదురు. గాబా అతుక్కున్న దారి తెరుచుకుని ఉండే సమయాన్ని ఈ మందు పెంచుతుంది. నూరేళ్లు దాటినా ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలో ఇది కొనసాగుతోంది. కర్ణాటకలోని యెళందూరు గ్రామీణ ప్రాంతంలో డాక్టర్ కె.ఎస్. మణి బృందం ఫీనోబార్బిటాల్, ఫినిటాయిన్‌లతో జరిపిన అధ్యయనం 2001లో వెలువడింది. చవకైన మందులతో పల్లెల్లోనూ మూర్ఛను అదుపు చేయవచ్చని అది చూపించింది. మత్తు, మందకొడితనం, పిల్లల్లో చురుకుదనం మారడం ఫీనోబార్బిటాల్ లోపాలు.

బెంజోడయజిపిన్‌లు 1960ల నుంచి వాడుకలోకి వచ్చాయి. రోష్ సంస్థలో లియో స్టెర్న్‌బాక్ తయారుచేసిన డయజిపామ్ 1963లో మార్కెట్లోకి వచ్చింది. ఈ మందులు ఆల్ఫా, గామా ఉపాంశాల నడుమ అతుక్కుని, దారి మరింత తరచుగా తెరుచుకునేలా చేస్తాయి. గాబా లేకపోతే ఇవి స్వయంగా దారిని తెరవలేవు. ఎక్కువ మోతాదులో ఫీనోబార్బిటాల్ ఆ పని చేయగలదు, అందుకే దాని అతి మోతాదు శ్వాసకు మరింత ప్రమాదకరం. లోరజెపామ్, మిడజోలమ్ అత్యవసర చికిత్సకు, క్లోబజామ్, క్లోనజెపామ్ రోజువారీ వాడకానికి పనికొస్తాయి.

క్లోబజామ్‌కు దక్షిణ భారతంలో ఒక ప్రత్యేకమైన ఉపయోగం ఉంది. తల మీద వేడినీళ్లు పోసుకున్నప్పుడు వచ్చే ‘వేడినీటి మూర్ఛ’ ఇక్కడ, ముఖ్యంగా కర్ణాటకలో, ఎక్కువగా కనిపిస్తుంది. ఇలాంటివారిలో కొందరికి తలస్నానానికి గంటా రెండు గంటల ముందు మాత్రమే క్లోబజామ్ ఇస్తే చాలునని బెంగళూరు నిమ్హాన్స్ వైద్యులు చూపించారు. నీళ్ల వేడి తగ్గించుకోవడం మొదటి జాగ్రత్త.

వాల్ప్రోయేట్ గుణం 1963లో ఫ్రాన్స్‌లో అనుకోకుండా బయటపడింది. వేరే పదార్థాలను కరిగించడానికి వాడిన ద్రావకమే జంతువుల్లో మూర్ఛను ఆపుతోందని పరిశోధకులు గుర్తించారు. అది గాబాను పెంచడంతో పాటు ఇంకా పలు విధాల పనిచేస్తుంది. గర్భంలోని బిడ్డకు అవయవ లోపాలు, బుద్ధి వికాసంలో లోపం కలిగే ముప్పు ఉన్నందున, పిల్లలు కనే వయసులోని స్త్రీలకు వీలైనంత వరకు దీన్ని ఇవ్వరు. విగాబట్రిన్ గాబాను విడగొట్టే ఎంజైమును శాశ్వతంగా అడ్డుకుంటుంది. ట్యూబరస్ స్క్లిరోసిస్ అనే జబ్బు ఉన్న శిశువుల్లో వచ్చే ముడుచుకుపోయే ఫిట్స్‌కు ఇది మంచి మందు. కాకపోతే దీర్ఘకాలం వాడితే చూపు పరిధి అంచుల నుంచి తగ్గి, తిరిగి రాకపోవచ్చు. టయాగబిన్ జీఏటీ–1ను అడ్డుకుని గాబాను సంధిలో ఎక్కువసేపు ఉంచుతుంది. గాబాను పోలి ఉండేలా తయారైన గాబాపెంటిన్ నిజానికి కాల్షియం దారి మీద పనిచేస్తుంది.

మూర్ఛ మందులన్నీ గాబా దారిలోనివి కావు. ఫినిటాయిన్, కార్బమజిపిన్ సోడియం దారుల మీద, నేడు విరివిగా రాస్తున్న లెవెటిరాసెటమ్ ఎస్‌వీ2ఎ అనే ప్రోటీన్ మీద పనిచేస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ప్రపంచంలో సుమారు 5 కోట్ల మందికి మూర్ఛ వ్యాధి ఉంది. సరైన మందులు సక్రమంగా అందితే వారిలో 70 శాతం వరకు ఫిట్స్ లేకుండా బతకగలరు.

ఆగని మూర్ఛ: నిమిషాల లెక్క

చాలా ఫిట్స్ రెండు మూడు నిమిషాల్లో వాటంతటవే ఆగిపోతాయి. ఐదు నిమిషాలు దాటినా ఆగకపోతే, లేదా మధ్యలో స్పృహ రాకుండా మళ్లీ మళ్లీ వస్తే, దాన్ని ఆగని మూర్ఛగా పరిగణించి చికిత్స మొదలుపెట్టాలి. ఎడతెగని ఉద్రేకంలో గామా–2 ఉన్న గాబా–ఎ గ్రాహకాలు కణం పైపొర నుంచి లోపలికి వెళ్లిపోతాయని 2005లో రెండు పరిశోధక బృందాలు చూపించాయి. అదే సమయంలో ఉద్రేకం కలిగించే ఎన్‌ఎండీఏ గ్రాహకాలు పైపొరకు చేరతాయి. మందు అతుక్కోవాల్సిన చోటే తగ్గిపోతుంది కాబట్టి డయజిపామ్ పనితనం పడిపోతుంది. ఎలుకల మీద 1997లో జరిగిన ప్రయోగంలో, పది నిమిషాలప్పుడు చాలిన డయజిపామ్ మోతాదు, నలభై ఐదు నిమిషాలు గడిచేసరికి దాదాపు పది రెట్లు కావాల్సి వచ్చింది.

ఈ అవగాహన చికిత్సను ఆసుపత్రి నుంచి దారిలోకి, ఇంటికి తెచ్చింది. అంబులెన్సులో కండకు ఇచ్చే మిడజోలమ్ ఇంజెక్షన్, నరానికి ఇచ్చే లోరజెపామ్‌కు తీసిపోదని అమెరికాలో జరిగిన ర్యాంపార్ట్ పరీక్ష 2012లో తేల్చింది. ఆసుపత్రికి చేరేలోపు ఫిట్స్ ఆగిన వారు మిడజోలమ్ వర్గంలో 73 శాతం, లోరజెపామ్ వర్గంలో 63 శాతం. కొట్టుకుంటున్న చేతికి నరం దొరకబుచ్చుకోవడంలో పోయే సమయం ఈ తేడాకు ముఖ్య కారణం. ముక్కులో కొట్టే మిడజోలమ్ స్ప్రే మన దేశంలోనూ దొరుకుతుంది. మొదటి మందుకు ఆగకపోతే లెవెటిరాసెటమ్, వాల్ప్రోయేట్, ఫాస్‌ఫినిటాయిన్‌లలో ఏదో ఒకటి ఇస్తారు. 2019లో వెలువడిన పరీక్షలో ఈ మూడూ సమానంగా, ఇంచుమించు సగం మందిలో పనిచేశాయి. అప్పటికీ లొంగకపోతే ఐసీయూలో ప్రొపోఫాల్, థయోపెంటాల్, లేదా ఎన్‌ఎండీఏ గ్రాహకాన్ని అడ్డుకునే కెటమిన్ అవసరమవుతాయి.

అలవాటు, హఠాత్తుగా మానడం

గాబా–ఎ గ్రాహకాన్ని నెలల తరబడి మందుతో ఉత్తేజపరిస్తే మెదడు సర్దుకుంటుంది. గ్రాహకాల కూర్పు, స్పందన మారి అదే మోతాదు ఫలితం తగ్గుతుంది. ఆ స్థితిలో మందును ఉన్నట్టుండి ఆపితే నిరోధం ఒక్కసారిగా పడిపోయి ఫిట్స్ వస్తాయి. గార్డినాల్, క్లోబజామ్, క్లోనజెపామ్ మానాలంటే వైద్యుని పర్యవేక్షణలో అంచెలంచెలుగా తగ్గించాలి. రోజూ సారా తాగే మనిషి మానేసిన ఒకటి రెండు రోజుల్లో వచ్చే ఫిట్స్ వెనకా ఇదే సూత్రం ఉంది.

తెలుగు నేల మీద దీనికి పెద్ద ఎత్తున కనిపించిన ఉదాహరణ కల్తీ కల్లు. తెలంగాణలో నిషా కోసం కల్లులో డయజిపామ్, అల్ప్రాజోలమ్, క్లోరల్ హైడ్రేట్ కలపడం ఏళ్లుగా ఉన్న బెడద. ఈ మూడూ గాబా–ఎ గ్రాహకాన్ని బలపరిచేవే. 2015లో ప్రభుత్వం కల్తీ మీద దాడులు పెంచి సరఫరా ఆగినప్పుడు, నిజామాబాద్ తదితర జిల్లాల్లో చాలామంది వింత ప్రవర్తన, వణుకు, ఫిట్స్‌తో ఆసుపత్రులకు చేరారు. వారు తమకు తెలియకుండానే మందుకు అలవాటుపడ్డ వాళ్లు. ఇలాంటి వారికి ఇచ్చే చికిత్స కూడా అదే వర్గపు మందును కొలతతో ఇచ్చి, క్రమంగా తగ్గించడమే. మొదటిసారి ఫిట్స్ వచ్చిన నడివయసు మనిషిని చూసేటప్పుడు మద్యం, కల్లు, నిద్రమాత్రల అలవాటు గురించి అడగడం అందువల్లనే తప్పనిసరి.

కొత్త దారులు

అల్లోప్రెగ్ననలోన్‌ను పోలిన గనాక్సలోన్‌కు, సీడీకేఎల్5 లోపంతో వచ్చే అరుదైన పసితనపు మూర్ఛ కోసం 2022లో అమెరికాలో అనుమతి లభించింది. ఇది సంధికి ఆవలి గ్రాహకాల మీద కూడా పనిచేస్తుంది. డయజిపామ్ కలిగించే మత్తుకు ప్రధానంగా ఆల్ఫా–1 ఉన్న గ్రాహకాలే కారణం కాబట్టి, వాటిని వదిలి ఆల్ఫా–2, ఆల్ఫా–3ల మీదే పనిచేసే మందుల కోసం అన్వేషణ సాగుతోంది. గాబా విడుదల చేసే కణాలను మూలకణాల నుంచి పెంచి, మందులకు లొంగని కణత భాగపు మూర్ఛ రోగుల మెదడులో నాటే ప్రయోగాలు అమెరికాలో మనుషుల మీద మొదలయ్యాయి.

జగ్గయ్యపేట, నందిగామ మెట్టలో

జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతం 2022 ఏప్రిల్ 4న కృష్ణా జిల్లా నుంచి విడివడి ఎన్టీఆర్ జిల్లాలో చేరింది. పత్తి, మిరప ఇక్కడి ప్రధాన మెట్ట పంటలు, సున్నపురాయి ఆధారంగా నడిచే సిమెంటు పరిశ్రమ జగ్గయ్యపేట వైపు ఉంది. హైదరాబాద్–విజయవాడ జాతీయ రహదారి మీదుగా విజయవాడకు నందిగామ నుంచి సుమారు 50 కిలోమీటర్లు, జగ్గయ్యపేట నుంచి దాదాపు 80 కిలోమీటర్లు ఉంటుంది. వత్సవాయి, పెనుగంచిప్రోలు, చందర్లపాడు మండలాల లోపలి ఊళ్ల నుంచి రహదారికి రావడానికే కొంత సమయం పడుతుంది. బండి దొరకడం, ఎక్కించడం, ప్రయాణం, క్యాజువాలిటీలో చేర్చడం అన్నీ కలిపితే గంట సులువుగా దాటుతుంది. ఆగని మూర్ఛలో గ్రాహకాలు కణం లోపలికి వెళ్లిపోయేది సరిగ్గా ఆ గంటలోనే. మొదటి మందు విజయవాడ చేరాకే పడుతుందంటే, అది బలహీనపడ్డాక పడుతున్నట్టే.

కాబట్టి మొదటి మోతాదు దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రిలోనో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనో, అంబులెన్సులోనో పడాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005 ఆగస్టు 15న మొదలైన 108 సేవ ఈ దూరాన్ని తగ్గించే సాధనాల్లో ముఖ్యమైనది. ఇంతకుముందు ఆగని మూర్ఛ వచ్చిన వారు, తరచూ ఎక్కువసేపు ఫిట్స్ వచ్చే పిల్లలు ఉన్న ఇంట్లో ముక్కులో కొట్టే మిడజోలమ్ ఉంచుకోవడం గురించి వైద్యుణ్ణి అడగాలి. ఎప్పుడు, ఎంత కొట్టాలో ముందే రాయించుకుని ఇంట్లో ఇద్దరికైనా నేర్పాలి.

ఫిట్స్ వచ్చిన మనిషి చేతిలో తాళంచెవుల గుత్తి పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం ఈ పల్లెల్లో మామూలు. ఇనుముకు గాని, ఘాటుకు గాని నిరోధక గ్రాహకాల మీద ప్రభావం లేదు. సాధారణ ఫిట్స్ వాటంతటవే ఆగిపోతాయి కాబట్టి తాళంచెవులే ఆపాయన్న నమ్మకం నిలబడింది. అసలు చేయవలసింది గడియారం చూసుకోవడం, మనిషిని పక్కకు ఒత్తిగిలించి పడుకోబెట్టడం, బిగుతు బట్టలు వదులు చేయడం, నోట్లో చెంచా గాని నీళ్లు గాని పెట్టకపోవడం. ఐదు నిమిషాలు దాటినా, గర్భిణికి వచ్చినా, మందు పిచికారీ చేసి వచ్చిన మనిషికి వచ్చినా వెంటనే 108కు ఫోన్ చేయాలి.

మొదటిసారి ఫిట్స్ వచ్చినవారికి మెదడు స్కాన్, ఈఈజీ చేయించి కారణం తేల్చుకోవాలి. బద్దెపురుగు లార్వా కనిపిస్తే అల్బెండజోల్, స్టెరాయిడ్, మూర్ఛ మందు కలిపి చికిత్స ఉంటుంది. కూరగాయలు కడగడం, మరుగుదొడ్లు వాడడం, పందులను ఊరిమీద వదలకపోవడం దాని నివారణ మార్గాలు. ఆర్‌ఎంపీ దగ్గర నిద్ర కోసం తీసుకున్న అల్ప్రాజోలమ్ మాత్రల సంగతి, పొలంలో వాడిన మందు పేరు వైద్యునికి చెప్పాలి. పిచికారీ పనుల హడావుడిలోనో, తిరునాళ్లకు వెళ్లినప్పుడో రెండు రోజులు మాత్రలు మరిచిపోతే, నెలల తరబడి లేని ఫిట్స్ తిరగబెడతాయి. అదనంగా ఒక పత్తా ఎప్పుడూ దగ్గర ఉంచుకుంటే ఆ ప్రమాదం చాలావరకు తప్పుతుంది.